ఆట తర్వాత ఐసు నీళ్ళు: ఎవరికి మేలు, ఎవరికి చేటు

పరుగో, కబడ్డీయో, బరువులెత్తడమో ముగించి చల్లని నీళ్ళ తొట్టిలో కొన్ని నిమిషాలు కూర్చోవడాన్ని ఇప్పుడు మన పిల్లలందరూ ‘ఐస్ బాత్’ అంటున్నారు. నీళ్ళు 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, నడుము దాకానో ఛాతీ దాకానో మునగాలి, 10 నుంచి 15 నిమిషాలు ఉండాలి. పరిశోధనల్లో ఎక్కువగా కనిపించే కొలత ఇది. ఫోన్లలో కనిపించే వీడియోల్లో మాత్రం ఐసు ముక్కలు తేలే డ్రమ్ములో మెడ దాకా మునిగి ఊపిరి బిగపట్టడమే గొప్ప. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

మా షోలాపూర్‌లో పోలీసు భర్తీకి తయారయ్యేవాళ్ళు, జిమ్ముకు పోయేవాళ్ళు, వాడకట్టు కబడ్డీ జట్లవాళ్ళు ఈ మధ్య దీని గురించే అడుగుతున్నారు. బెంగళూరు, బరంపురం, హోసూరు, యానాం వైపు సంఘాల వాళ్ళూ ఫోన్‌లో ఇదే సంగతి ఎత్తారు. అందువల్ల సంఘం తరఫున మేము ఈ విషయంలో దొరికినంత చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి, తేలిన సంగతులు ఇక్కడ పెడుతున్నాము. గుండె జబ్బో, బీపీయో ఉన్నవాళ్ళు ఇది చదివి సరిపెట్టుకోకుండా తమ డాక్టరునే అడగాలని మనవి.

నీళ్ళు ఒంటికి ఏం చేస్తాయి

నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే 15 డిగ్రీల చలిగాలిలో చొక్కా లేకుండా కాసేపు నిలబడగలం గానీ, 15 డిగ్రీల నీళ్ళలోకి దిగితే పళ్ళు టకటక కొట్టుకుంటాయి. చర్మం చల్లబడగానే దాని కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండలకు వెళ్ళే రక్తం తగ్గుతుంది. నొప్పి కబురును మెదడుకు మోసే నరాలు మందగిస్తాయి. కాళ్ళు తేలికపడ్డట్టు అనిపించడానికి ముఖ్య కారణం ఇదే. పైగా నీళ్ళ ఒత్తిడి కాళ్ళను నలువైపులా నొక్కి, వాపు నీటిని పైకి నెడుతుంది. ఈ చివరి పనికి చల్లదనంతో సంబంధం లేదు, చెరువులో నిలబడినా జరుగుతుంది.

‘లాక్టిక్ ఆమ్లాన్ని కడిగేస్తుంది’ అని జిమ్ముల్లో చెప్పే మాట నమ్మవలసినది కాదు. గట్టి పరుగులో పేరుకున్న లాక్టేట్‌ను గంట, గంటన్నరలో శరీరమే వాడేసుకుంటుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసే నొప్పి దానిది కాదు. అలవాటు లేని పని చేసినప్పుడు, ముఖ్యంగా కండ సాగుతూ బరువు మోసే పని (దిగుడులో పరుగెత్తడం, ఎత్తిన బరువును మెల్లగా దించడం వంటిది) చేసినప్పుడు కండరాల్లో సన్నని చిరుగులు పడతాయి. మగ్గం మీద అక్కడక్కడా పోగు తెగితే నేత ఆగి అతుకు వేసుకున్నట్టు, శరీరం కూడా అక్కడికి రక్తాన్ని, మరమ్మతు కణాలను పంపి అతుకు వేస్తుంది. ఆ మరమ్మతు జరిగేటప్పటి నొప్పే మనకు తెలిసేది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య అది ఎక్కువగా ఉండి, తర్వాత దానంతటదే పోతుంది. మరమ్మతు అయిన చోట కండ మునుపటి కంటే గట్టిపడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

దెబ్బ తగిలిన చోట ఐసు పెట్టడం మన తరం వాళ్ళకు కొత్త కాదు. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తిపెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ తన పుస్తకంలో రాస్తే ప్రపంచమంతా పాటించింది. చాలా ఏళ్ళ తర్వాత ఐసు మానుదలను ఆలస్యం చేయవచ్చని ఆయనే అన్నారు. ఇక ఒళ్ళంతా ముంచే పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళలో ఇంగ్లండు పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్ ఒకరు. 2002లో మ్యూనిక్‌లో యూరోపియన్ పోటీల 10,000 మీటర్ల పరుగు గెలిచాక ఆమె ఐసు స్నానం గురించి చెప్పడంతో పత్రికలన్నీ దాని వెంట పడ్డాయి.

పరిశోధనలు తేల్చినది ఎంత

వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి చూసే కాక్రేన్ సంస్థ 2012లో దీని మీద ఒక సమీక్ష వెలువరించింది. 17 చిన్న అధ్యయనాలు, అన్నీ కలిపి 366 మంది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ళతో పోలిస్తే చల్లని నీళ్ళలో కూర్చున్నవాళ్ళకు తర్వాతి నాలుగు రోజుల్లో కండరాల నొప్పి తగ్గిందని అందులో తేలింది. అయితే చన్నీళ్ళలో మునిగేవాడికి తాను మునుగుతున్నట్టు తెలుస్తుంది కదా! మందు బిళ్ళల పరీక్షలో లాగా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూసే వీలు ఇక్కడ లేదు.

ఆ చిక్కును ఆస్ట్రేలియాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం వాళ్ళు తెలివిగా విప్పారు. 2014లో వచ్చిన ఆ అధ్యయనంలో 30 మంది యువకుల చేత గట్టిగా సైకిలు తొక్కించి, కొందరిని 10 డిగ్రీల నీళ్ళలో, కొందరిని ఒంటి వేడికి దగ్గరగా ఉండే మామూలు నీళ్ళలో, మిగిలినవాళ్ళను అవే మామూలు నీళ్ళలో ఒక ‘రికవరీ నూనె’ కలిపి 15 నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ నూనె చాలా పనిచేస్తుందని ముందే నూరిపోశారు. నిజానికి అది ఒళ్ళు కడుక్కునే ద్రవం. తర్వాత రెండు రోజుల్లో కాళ్ళ బలం తిరిగి రావడంలో ఆ ‘నూనె’ జట్టు చన్నీళ్ళ జట్టుకు ఏమీ తీసిపోలేదు. నమ్మకం కూడా ఎంతో కొంత పనిచేస్తోందన్నమాట.

2017లో ఇంకో అధ్యయనం కండలోంచి చిన్న ముక్క తీసి చూసింది. 10 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు కూర్చున్నా, మెల్లగా సైకిలు తొక్కుతూ ఒళ్ళు చల్లార్చుకున్నా, కండ లోపలి వాపు లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొత్తం మీద మా అభిప్రాయం ఇది: నొప్పి తగ్గినట్టు ఉంటుంది, అది అబద్ధం కాదు. లోపలి మరమ్మతు దానివల్ల త్వరగా అయిపోతుందని మాత్రం అనుకోనక్కరలేదు. పది నిమిషాల నడక, కడుపునిండా తిండి, రాత్రి ఎనిమిది గంటల నిద్ర చేసే పనికి ఇది సాటి రాదు. ఆ మూడింటికీ పైసా ఖర్చు లేదు, అందుకే వాటికి వీడియోలూ లేవు.

ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు నష్టం

రెండు, మూడు రోజులు వరుసగా మ్యాచులున్న జట్టుకు ఇది పనికొస్తుంది. శనివారం సాయంత్రం కబడ్డీ ఆడి ఆదివారం మళ్ళీ బరిలో దిగాల్సిన కుర్రాడికి మర్నాటి ఒంటి నొప్పి తగ్గడమే కావాలి, కండ పెరగడం ఆ రెండు రోజుల్లో ఎటూ జరగదు. కాకపోతే ఒకే రోజు రెండు పోటీలుండి మధ్యలో గంటే వ్యవధి ఉంటే దిగకండి. చల్లబడిన కండ కొంతసేపు మొద్దుబారుతుంది. 100 మీటర్ల పరుగు, గుండు విసరడం వంటి ఒక్కసారి బలం చూపించే ఆటల్లో అది దెబ్బ తీస్తుంది.

నష్టం ఎక్కడంటే, కండ పెంచుకోవాలనుకునేవాళ్ళకు. 2015లో ఆస్ట్రేలియాలోనే 21 మంది యువకులకు 12 వారాలు, వారానికి రెండుసార్లు కాళ్ళ బరువుల శిక్షణ ఇచ్చారు. ప్రతిసారీ శిక్షణ కాగానే సగం మందిని 10 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు ఉంచారు, మిగిలినవాళ్ళు మెల్లగా సైకిలు తొక్కారు. మూడు నెలల తర్వాత చూస్తే చన్నీళ్ళలో కూర్చున్నవాళ్ళకే కండా, బలమూ తక్కువ పెరిగాయి. పైన చెప్పిన మరమ్మతు సంగతి ఇక్కడ అర్థమవుతుంది. బరువులెత్తిన వెంటనే చల్లార్చేస్తే, కండను గట్టిపరచమని ఒంటికి అందే కబురే మందగిస్తోంది. 2019లో వచ్చిన మరో అధ్యయనంలో కండ పోగుల పెరుగుదల తగ్గింది గానీ బలం మాత్రం పెద్దగా తగ్గలేదు. కనుక ఎంత నష్టమన్నది ఇంకా వాదనలోనే ఉంది, లాభమని మాత్రం ఎవరూ అనడం లేదు. నెలకు వేలు పోసి జిమ్ములో బరువులెత్తి, మళ్ళీ డబ్బిచ్చి ఆ ఫలితాన్ని నీళ్ళలో కలపడం ఏ లెక్కకూ పొసగదు.

ఒడిశాలో స్థిరపడ్డ మన వాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కాటూలు రవికుమార్ బరంపురం వ్యాయామశాలలో తయారైనవాడు. ఆ ఊళ్ళో బరువులెత్తే పిల్లలు ఇప్పటికీ ఎక్కువే. శిక్షణ నెలల్లో వాళ్ళకు ఐసు తొట్టి అక్కరలేదు, పోటీల రోజుల్లో కావాలంటే చూసుకోవచ్చు. దూరపు పరుగుల వాళ్ళ ఓర్పు శిక్షణలో మాత్రం ఇలాంటి నష్టం అంతగా కనిపించలేదు. మహారాష్ట్ర పోలీసు భర్తీలో మగపిల్లలకు 1600 మీటర్ల పరుగుతో పాటు 100 మీటర్లు, గుండు కూడా ఉంటాయి. అంటే ఓర్పూ కావాలి, బలమూ కావాలి. బరువుల రోజున మానేసి, గట్టి పరుగు రోజున కావాలంటే దిగడం వాళ్ళకు మధ్యేమార్గం.

ఐసు లెక్క

మా యువకులు కొందరు సంఘానికి అర్జీ పెట్టుకుని, భవనం వెనుక ఒక టబ్బు, దానికి చల్లబరిచే యంత్రం కావాలన్నారు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు నడిపినవాళ్ళం, అర్జీ వస్తే ముందు లెక్క వేయడం మా అలవాటు. లెక్క సులభమే. ఒక కిలో ఐసు కరగడానికి నీళ్ళ నుంచి 80 కిలో కెలోరీల వేడి లాక్కుంటుంది. కరిగిన నీరు 15 డిగ్రీల దాకా వెచ్చబడటానికి ఇంకో 15 లాక్కుంటుంది. మొత్తం 95. వేసవిలో ట్యాంకు నీళ్ళు 30 డిగ్రీలున్నాయనుకుంటే, 100 లీటర్లను 15 డిగ్రీలకు దించడానికి 1500 కిలో కెలోరీలు తీయాలి. 95తో భాగిస్తే సుమారు 16 కిలోల ఐసు. డ్రమ్ములో 150 లీటర్లు పోస్తే 24 కిలోలు. డ్రమ్ము గోడలు, ఎండ, దిగిన మనిషి ఒంటి వేడి కూడా కలుపుకుంటే ఇంకొంచెం వేయాలి. ఒకరి తర్వాత ఒకరు దిగే కొద్దీ మళ్ళీ మళ్ళీ వేయాలి. ఒక జట్టంతా దిగాలంటే ఐసు ఫ్యాక్టరీ నుంచి లాదీలే తెప్పించుకోవాలి. యంత్రానికైతే కొనుగోలు వెల అటుంచి కరెంటు బిల్లు, మరమ్మతులు మోయాలి. అందుకని టబ్బు, యంత్రం వద్దనీ, పోటీల రోజులకు డ్రమ్ములు, ఐసు సరిపోతాయనీ కార్యవర్గం తీర్మానించింది.

ఐసు వేసేవాళ్ళకు కొన్ని మాటలు. కంటికి ఐసు తేలుతున్నట్టు కనిపించడం కొలత కాదు. నీళ్ళను కర్రతో బాగా కలిపి, థర్మామీటరు ముంచి చూడాలి. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, అది 35 డిగ్రీల కిందికి సరిగా చూపించదు. ప్రయోగశాల సామాను అమ్మే దుకాణంలో సున్నా నుంచి మొదలయ్యేది దొరుకుతుంది. 10 డిగ్రీల కిందికి పోతే మేలు పెరగదు, ప్రమాదం పెరుగుతుంది. ఫ్యాక్టరీ లాదీలు ఎక్కువగా చేపల నిల్వకు, సామాను చల్లబరచడానికి చేసేవి. వాటి నీరు నోట్లోకి పోకూడదు. కాలికి పుండు, గజ్జి, తామర ఉన్నవాళ్ళను అందరి నీళ్ళలో దింపకూడదు. ఒక రోజు నీళ్ళు ఆ రోజే పారబోయాలి. యానాం వైపు, కోస్తాలో బోరు నీళ్ళ స్నానమే చేసుకుంటామంటే మంచిదే, హాయిగా ఉంటుంది. కాకపోతే ఆ నీళ్ళు ఐసు తొట్టి అంత చల్లగా ఉండవు కాబట్టి పరిశోధనల్లో చెప్పిన ఫలితం వాటికి వర్తించదు.

ఎవరు దిగకూడదు

చల్లని నీళ్ళలోకి ఒక్కసారిగా దిగితే మొదటి అర నిమిషంలో గుప్పున ఊపిరి లోపలికి పీలుస్తాము, ఆపుకోవాలన్నా ఆగదు. ఊపిరి వేగం, గుండె వేగం, బీపీ అన్నీ ఒకేసారి ఎగబాకుతాయి. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో అది సర్దుకుంటుంది. ఆ మొదటి నిమిషాల్లో తల నీళ్ళలో ఉంటే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా చలికాలంలో బావిలోకి దూకి మునిగిపోవడానికి ఇదొక కారణం. ముఖం కూడా ముంచి ఊపిరి బిగపడితే ఇంకో చిక్కు. చర్మానికి తగిలిన చలి గుండెను పరుగెత్తమంటే, ముఖానికి తగిలిన చలి మెల్లగా కొట్టుకోమంటుంది. రెండు ఆజ్ఞల మధ్య గుండె లయ తప్పే ప్రమాదముందని ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు మైక్ టిప్టన్ ఏళ్ళ తరబడి హెచ్చరిస్తున్నారు.

కాబట్టి గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, గుండె లయ దోషం ఉన్నవాళ్ళు దిగరాదు. చల్లగాలికే వేళ్ళు తెల్లబడేవాళ్ళు, చల్లదనానికి దద్దుర్లు వచ్చేవాళ్ళు, గర్భిణులు, మద్యం తాగినవాళ్ళు కూడా వద్దు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, మన ఇళ్ళల్లో వీళ్ళు తక్కువ కాదు. ఎంత చల్లగా ఉందో వాళ్ళకు తెలియదు, చర్మం దెబ్బతిన్నాకే తెలుస్తుంది. మనుమణ్ణి చూసి మా వయసువాళ్ళు కూడా డ్రమ్ములో దిగుతామని ముచ్చట పడుతున్నారు. వద్దండి, ఒడ్డున నిలబడి గడియారం చూడటం మన పని. ఒంటరిగా ఎవరూ దిగరాదు. కాళ్ళు, నడుము, ఆ తర్వాత ఛాతీ, ఇలా మెల్లగా దిగాలి. వణుకు ఆగకపోతే, వేళ్ళు మొద్దుబారితే నిమిషాలు మిగిలి ఉన్నా బయటికి రావాలి. వచ్చాక తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోవాలి. బయటికి వచ్చిన తర్వాత కూడా కొంతసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది.

వడదెబ్బకు మాత్రం ఇదే ప్రాణం

ఇంతవరకూ చెప్పినవన్నీ సుఖానికో, పతకానికో సంబంధించినవి. ఇప్పుడు చెప్పేది ప్రాణానికి సంబంధించినది. అందుకే ప్రతి ఆటస్థలంలోనూ డ్రమ్మో, టార్పాలినో ఉండి తీరాలని మేము కార్యవర్గంలో పట్టుబట్టాము.

2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఒక్కొక్కరి మరణానికి కారణం వేరు కావచ్చు. కానీ ఉక్కపోతలో పరుగెత్తే కుర్రాళ్ళకు వడదెబ్బ ఎప్పుడూ పొంచి ఉండేదే. మన ఇళ్ళ నుంచీ ఇలాంటి పరుగులకు పిల్లలు వెళ్తున్నారు.

పరుగెత్తేవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కోపగిస్తున్నా, తన పేరు చెప్పలేకపోయినా, కుప్పకూలినా వడదెబ్బ అనుకోవాలి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అన్న మాట మరచిపోండి, శ్రమతో వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండవచ్చు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. నుదుటికి చూపే యంత్రం, చంకలో పెట్టే థర్మామీటరు ఆ సమయంలో తక్కువ చూపించి మోసం చేస్తాయి. వాటిని నమ్మి ఊరుకోవద్దు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఫాల్‌మత్ ఊళ్ళో ఏటా ఆగస్టు ఎండలో ఏడు మైళ్ళ పరుగు జరుగుతుంది. అక్కడ 18 ఏళ్ళలో శ్రమ వడదెబ్బ తగిలిన 274 మందిని గమ్యం దగ్గరే చల్లని నీళ్ళ తొట్టెల్లో ముంచారు. 274 మందీ బతికారు. ఈ లెక్క 2015లో వచ్చింది. సగటున నిమిషానికి 0.22 డిగ్రీల చొప్పున వాళ్ళ వేడి దిగింది. అంటే 41.5 డిగ్రీల మనిషి 39కి రావడానికి పదకొండు, పన్నెండు నిమిషాలు. మన ఊళ్ళల్లో అంబులెన్సు వచ్చేసరికే అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. అందుకే ‘ముందు చల్లార్చు, తర్వాత తరలించు’ అన్నది క్రీడా వైద్యుల సూత్రం.

‘వేడి ఒంటి మీద చన్నీళ్ళు పోస్తే పక్షవాతం వస్తుంది’ అని మన అమ్మమ్మల కాలం నుంచి ఒక మాట ఉంది. పెద్దవాళ్ళ మీద గౌరవంతోనే చెబుతున్నాము, వడదెబ్బ తగిలిన కుర్రాడి విషయంలో ఆ మాట వినకండి. ఆలస్యమే మెదడును, కాలేయాన్ని, మూత్రపిండాలను పాడు చేస్తుంది.

ముందుగా ఊపిరి ఉందో లేదో చూడాలి. లేకపోతే నీళ్ళ సంగతి పక్కన పెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఊపిరి ఉంటే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మిగిలినవాళ్ళు బూట్లు, బరువైన బట్టలు విప్పి మెడ దాకా చల్లని నీళ్ళలో దింపాలి. ఒకరు వెనుక నుంచి చంకల కింద చేతులు వేసి తల నీళ్ళపైన పట్టుకోవాలి, ఇంకొకరు నీళ్ళను కలియబెడుతూ ఉండాలి. తొట్టి లేకపోతే టార్పాలిన్ చాలు. మనిషిని దాని మధ్యలో పడుకోబెట్టి, ఐదారుగురు చుట్టూ అంచులు ఎత్తి పట్టుకుంటే దొన్నె లాగా అవుతుంది. అందులో నీళ్ళూ ఐసూ పోసి అటూ ఇటూ ఊపాలి. ఐసు అందకపోతే ఉన్న నీళ్ళే బకెట్లతో ఆగకుండా పోస్తూ, తడి తువ్వాళ్ళు మారుస్తూ గట్టిగా విసరాలి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు, సోడా, ఉల్లిరసం ఏదీ పోయవద్దు. పారాసిటమాల్ ఈ వేడిని దించదు. మనిషి తెలివిగా మాట్లాడే దాకా, లేదా గట్టిగా వణికే దాకా, లేదా సుమారు పదిహేను నిమిషాల దాకా ఉంచి బయటికి తీయాలి. శ్రమ లేకుండానే ఇంట్లో వడదెబ్బ తగిలిన ముసలివాళ్ళకు ఐసు తొట్టి కాకుండా తడిగుడ్డలు, ఫ్యాను గాలి వాడుతూ ఆసుపత్రికి తీసుకెళ్ళడం మేలు.

తేరుకుని లేచి నవ్వినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాలేయం, మూత్రపిండాల దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడుతుంది, రక్తపరీక్షల్లోనే తెలుస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కనీసం వారం రోజులు ఏ వ్యాయామమూ వద్దు. ఆ తర్వాత కూడా డాక్టరు చూసి సరేనన్నాకే, చల్లని వేళల్లో నడకతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పరుగులోకి రావాలి. ఎంపికల తేదీ దగ్గరపడిందని ఇంట్లో ఎవరూ తొందరపెట్టవద్దు, ఎంపికలు మళ్ళీ వస్తాయి.